ఎక్సెల్ ఫైల్ డబ్బు కట్టినవాళ్ల కంప్యూటర్లలోనే పనిచేయాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపుల కోసం ఎస్టిమేట్ ఫైల్ ఒకటి ఎక్సెల్‌లో తయారు చేశారు. ప్లేట్లు, యాంగిళ్లు, ఛానళ్ల బరువు, వెల్డింగ్ ఖర్చు, లేబర్ అన్నీ లెక్కేసి కొటేషన్ ప్రింట్ ఇస్తుంది. కొందరికి అమ్మారు, తీరా చూస్తే డబ్బు కట్టని షాపుల్లో కూడా అదే ఫైల్ తిరుగుతోంది. షీట్‌కి పాస్‌వర్డ్ పెట్టినా ఆగలేదు. ఇప్పుడు కొన్నవాళ్ల కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకుండా చేయాలి. ఇలాంటి ఫైళ్లు విశాఖలో చాలా ఆఫీసులకు చేసిచ్చాను. వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు పాస్‌వర్డ్ సంగతి. షీట్ ప్రొటెక్షన్ అనేది పొరపాటున ఎవరూ ఫార్ములా చెరపకుండా పెట్టింది, దొంగతనం ఆపడానికి కాదు. అది భద్రత కోసం కాదని మైక్రోసాఫ్టే రాసింది. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైల్ లోపల చూస్తే ఒక జిప్ ఫైల్. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే ప్రతి షీటూ ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌గా కనిపిస్తుంది. అందులో షీట్‌ప్రొటెక్షన్ అనే ఒక్క ట్యాగ్ తీసేసి మళ్లీ జిప్ చేస్తే పాస్‌వర్డ్ లేనట్టే. 2013 నుంచి ఎక్సెల్ ఆ పాస్‌వర్డ్‌ని ఎస్‌హెచ్‌ఏ-512 పద్ధతిలో దాస్తోంది, అంతకుముందు 16 బిట్ల హ్యాష్ (అసలు మాటకి బదులు దాని నుంచి లెక్కగట్టిన సంకేతం) ఉండేది, అయినా ట్యాగే తీసేసేవాడికి ఏ హ్యాష్ అయితే ఏంటి? వీబీఏ (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) ప్రాజెక్ట్ పాస్‌వర్డ్ కూడా అంతే, ఫైల్ లోపలి బైట్లని నేరుగా మార్చే హెక్స్ ఎడిటర్‌లో ఒక అక్షరం మారిస్తే పోతుంది. నిజంగా గట్టిది ఒక్కటే, ఫైల్ మెనూలో ఇన్ఫో దగ్గర ఉండే 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్'. కొత్త ఎక్సెల్‌లో అది 256 బిట్ల ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్, పాస్‌వర్డ్ పొడవుగా ఉంటే మామూలు మనిషి వల్ల కాదు. కానీ మీ కస్టమర్ ఫైల్ తెరవాలంటే ఆ పాస్‌వర్డ్ అతనికి చెప్పాల్సిందే, అతను ఫైల్‌తో పాటు దాన్నీ ఫార్వర్డ్ చేస్తాడు.

కాబట్టి ఎవరిని ఆపాలో ముందు తేల్చుకోండి. మీ ఫైల్ బయటికి పోయేది ఎక్కువగా రెండు దారుల్లో. ఓనర్ గారి బంధువు 'నాకూ ఓసారి పంపు' అంటే వాట్సాప్‌లో పంపేస్తాడు. లేకపోతే ఎస్టిమేట్లు వేసే కుర్రాడు ఒక షాపు మానేసి ఇంకో షాపులో చేరినప్పుడు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళతాడు. వీళ్లకి కోడ్ తెలియదు, విప్పాలనే ఆలోచన కూడా ఉండదు. వీళ్లని ఆపగలం. పని గట్టుకుని కూర్చుని విప్పేవాడిని ఎక్సెల్‌లో ఏ లాకూ ఆపలేదు, వాడి కోసం లాక్ బిగించుకుంటూ పోతే చివరికి ఇబ్బంది పడేది డబ్బు కట్టినవాళ్లే.

ఇక లాక్ ఎలా కట్టాలంటే, ఫైల్‌ని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గా (మాక్రోలు ఉండే ఎక్సెల్ ఫైల్) పెట్టి, 'మాక్రోలు ఆన్ చేయండి' అని రాసి ఉన్న ఒక్క షీట్ తప్ప మిగతావన్నీ వెరీ హిడెన్‌లో ఉంచుతారు. మామూలు హిడెన్ అయితే ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌హైడ్ చేసేస్తారు, వెరీ హిడెన్ ఆ జాబితాలో కనిపించదు. ఫైల్ తెరవగానే వర్క్‌బుక్ ఓపెన్ ఈవెంట్‌లో కంప్యూటర్ గుర్తు చూసి, సరిపోతే షీట్లు బయటపెట్టాలి. సేవ్ చేసేముందు మళ్లీ దాచాలి, సేవ్ అయ్యాక మళ్లీ చూపించాలి. ఫైల్ వన్‌డ్రైవ్‌లో ఉండి ఆటోసేవ్ ఆన్ అయి ఉంటే ఆ దాచడం, చూపించడం మాటిమాటికీ జరిగి స్క్రీన్ మిణుకుమిణుకుమంటుంది, కాబట్టి తెరవగానే ఆటోసేవ్ ఆఫ్ చేసే లైన్ ఒకటి పెట్టండి. 2013 లాంటి పాత ఎక్సెల్‌లో ఆ ప్రాపర్టీయే ఉండదు, ఎర్రర్ రాకుండా చూసుకోండి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని ఫైల్ తెరిస్తే ఓపెన్ ఈవెంట్ అసలు నడవదు, అప్పుడు కూడా షీట్లు దాగే ఉంటాయి కాబట్టి ఫర్వాలేదు.

అయితే దాచిన షీట్లు ఫైల్‌లోనే ఉన్నాయి కదా, జిప్ విప్పినవాడికి కనిపిస్తాయి. అందుకని అసలు విలువ ఉన్నదేదో దాన్ని మాత్రం సెల్స్‌లో ఉంచొద్దు. ప్లేట్ బరువు దాచక్కర్లేదు. మందం మిల్లీమీటర్లలో, పొడవు వెడల్పు మీటర్లలో పెట్టి 7.85తో గుణిస్తే కిలోలు వస్తాయని ఆటోనగర్‌లో హెల్పర్ కుర్రాడికి కూడా తెలుసు. కడ్డీకి అయితే డయా స్క్వేర్ బై 162, మీటరుకి ఎన్ని కిలోలో వచ్చేస్తుంది. ఇవి ఎవరి సొత్తూ కాదు. మీరు ఏళ్ల తరబడి షాపుల్లో తిరిగి పోగు చేసింది వేరే ఉంది: ఏ పనికి వేస్టేజ్ ఎంత శాతం పడుతుంది, ఫిల్లెట్ వెల్డ్ మీటరుకి రాడ్ ఎంత ఖర్చవుతుంది, స్ట్రక్చరల్ పనికి టన్నుకి లేబర్ ఎంత, ట్యాంక్ పనికి ఎంత. ఆ టేబుల్ ఒక్కటి ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టండి. లైసెన్స్ కీ లేకపోతే అది విప్పడానికే రాకూడదు. 'లైసెన్స్ ఉందా, ఉంటే చూపించు' అనే ఒక్క ఇఫ్ కండిషన్ మీద మొత్తం ఆధారపడితే ఆ లైన్ చెరిపేస్తే అయిపోతుంది, అదే కీ నుంచే టేబుల్ విడిపోయేలా ఉంటే చెరిపినా లాభం లేదు. విప్పిన అంకెలు సెల్స్‌లో రాయకుండా మెమరీలోనే ఉంచి, ఫంక్షన్ ద్వారా జవాబు మాత్రం షీట్ మీదికి పంపండి.

ఇప్పుడు అసలు తలనొప్పికి వద్దాం, కంప్యూటర్‌ని గుర్తుపట్టడం. చాలామంది సీ డ్రైవ్ వాల్యూమ్ సీరియల్ నంబర్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే ఫైల్‌సిస్టమ్ఆబ్జెక్ట్‌తో రెండు లైన్లలో వచ్చేస్తుంది. అది డిస్క్ తయారీ నంబర్ కాదు, ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ ఇచ్చే నంబర్. మళ్లీ ఫార్మాట్ చేస్తే మారిపోతుంది, మన దగ్గర కంప్యూటర్ కాస్త స్లో అయితే చాలు ఫార్మాట్ కొట్టించడం అలవాటు. పైగా మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో వాల్యూమ్ఐడీ అనే చిన్న టూల్‌తో ఎవరైనా కావలసిన నంబర్ పెట్టుకోవచ్చు. కంప్యూటర్ పేరు మీద కట్టేవాళ్లూ ఉన్నారు, అది సెట్టింగ్స్‌లో మార్చుకునేదే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ప్రాసెసర్ ఐడీ అనగానే ప్రతి చిప్‌కీ వేరుగా ఉంటుందనుకుంటారు, ఉండదు, ఒకే మోడల్ ప్రాసెసర్లన్నిటికీ ఒకే ఐడీ వస్తుంది. మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబర్) అయితే వైఫైకి ఒకటి, లాన్‌కి ఒకటి, యూఎస్‌బీ డాంగిల్ పెడితే ఇంకొకటి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మెషీన్‌గైడ్ అని ఒకటి ఉంది, విండోస్ వేసినప్పుడు పుడుతుంది, ఉన్నంతలో మంచిదే. కానీ ఒకే డిస్క్ ఇమేజ్‌ని నాలుగు కంప్యూటర్లలోకి క్లోన్ చేస్తే నాలుగింటిలోనూ అదే ఉండే అవకాశం ఉంది.

మదర్‌బోర్డ్ సీరియల్ నంబర్ డబ్ల్యూఎంఐ (అడిగితే కంప్యూటర్ వివరాలు చెప్పే విండోస్ సేవ) నుంచి వస్తుంది, బ్రాండెడ్ కంప్యూటర్లలో బాగానే ఉంటుంది. అసెంబుల్డ్ బాక్సుల్లో చూడండి మరి. సీరియల్ ఉండాల్సిన చోట 'టు బీ ఫిల్డ్ బై ఓ.ఈ.ఎమ్.' అని, లేదంటే 'డిఫాల్ట్ స్ట్రింగ్' అని వస్తుంది. తయారీదారు ఆ గడి నింపకుండా వదిలేశాడు. ఆటోనగర్‌లో చాలా షాపులవి అలాంటి మెషీన్లే. మీరు దాని మీద కీ ఇచ్చారంటే ఆ మాట వచ్చే ప్రతి కంప్యూటర్‌లోనూ అదే కీ పనిచేస్తుంది, అంటే లాక్ లేనట్టే. సిస్టమ్ యూయూఐడీ (బోర్డ్‌లో ఉండే ఇంకో గుర్తింపు నంబర్) కూడా కొన్ని బోర్డుల్లో మొత్తం ఎఫ్‌లతో వస్తుంది. ఇలాంటి పనికిరాని విలువల జాబితా ఒకటి పెట్టుకుని, వాటిలో ఏది వచ్చినా ఖాళీగానే లెక్కేయండి.

నేను వాడే పద్ధతి ఇది. బోర్డ్ సీరియల్ లేదా యూయూఐడీ ఒకటి, విండోస్ ఉన్న డిస్క్ తయారీ సీరియల్ ఒకటి, మెషీన్‌గైడ్ ఒకటి, మూడూ తీసుకుని విడివిడిగా హ్యాష్ చేసి దాచుతాను. మూడింటిలో రెండు కలిస్తే అదే కంప్యూటర్ కింద లెక్క. డిస్క్ ఎస్‌ఎస్‌డీకి మార్చి పాత విండోస్‌నే కాపీ చేసినా, బోర్డ్ మార్చినా, విండోస్ మళ్లీ వేసినా ఫైల్ తెరుచుకుంటుంది. ఇక్కడో చిక్కు, ఇందాక చెప్పిన ఎన్‌క్రిప్ట్ టేబుల్ కీని మూడు జంటలతో మూడుసార్లు విడివిడిగా మూసి లైసెన్స్‌లో పెట్టాలి, ఏ జంట కలిస్తే ఆ జంటతో విడిపోతుంది. కొంచెం ఎక్కువ కోడ్ పడుతుంది, కానీ పెట్టండి.

ఇంత సడలింపు దేనికని అనిపించవచ్చు. మన ఊళ్లో ఉప్పుగాలి ఉంది. ఫిషింగ్ హార్బర్ పక్కన ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో క్యాబినెట్ మూత తీసి చూశాను, స్క్రూలు తుప్పు పట్టి తల అరిగిపోయాయి, బోర్డ్ మీద లాన్ పోర్ట్ చుట్టూ పచ్చగా పూత కట్టింది, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దితే గానీ ఆన్ అవ్వలేదు. అలాంటి చోట మదర్‌బోర్డ్ మార్చడం అరుదైన విషయమేం కాదు. వేరే ఎవరో చేసిచ్చిన ఖర్చు లెక్కల ఫైల్ వాళ్ల దగ్గర ఉంది, బోర్డ్ సీరియల్ ఒక్కదాని మీదే కట్టింది. బోర్డ్ మార్చిన రోజు సాయంత్రం కొనుగోలుదారుకి రేటు పంపాలి, ఫైల్ 'లైసెన్స్ లేదు' అంటోంది, చేసిచ్చినాయన ఫోన్ ఎత్తడం లేదు. అకౌంటెంట్ అమ్మాయి టెన్షన్‌తో క్యాలిక్యులేటర్ పట్టుకుని మొత్తం చేత్తో వేసుకుంది. ఆ ఆఫీసువాళ్లు పూర్తి డబ్బు కట్టినవాళ్లు. మీ ఫైల్ వల్ల ఎవరికీ అలాంటి సాయంత్రం రాకూడదు. రెండు కలవకపోయినా వెంటనే మూసేయకుండా ఒక వారం గడువిచ్చి, పైన ఒక ఎర్రటి లైన్‌లో మీ నంబర్ చూపించండి. ఆ గడువు రోజుల్లో టేబుల్ విడిపోవాలి కాబట్టి, చివరిసారి సరిగ్గా తెరుచుకున్నప్పుడు దాని కీ కాపీ ఒకటి ఆ కంప్యూటర్‌లో దాచి ఉంచాలి. లాక్ దీనివల్ల కొంచెం బలహీనపడుతుంది, పడనివ్వండి.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. లైసెన్స్ లేకపోతే ఫైల్ తనను తానే డిలీట్ చేసుకునేలా కానీ, తప్పు అంకెలు చూపించేలా కానీ రాయకండి. కొందరు సలహా ఇస్తారు, 'దొంగ కాపీలో బరువు పది శాతం తక్కువ చూపించు, బుద్ధొస్తుంది' అని. ఆ బరువు చూసి ఎవరో క్రేన్ మాట్లాడుకుంటారు, స్లింగ్ తగిలిస్తారు, కింద మనుషులు ఉంటారు. తెరవకపోతే తెరవనివ్వకండి, తెరిస్తే మాత్రం సరైన లెక్కే రావాలి.

కోడ్ విషయంలో ఒక జాగ్రత్త. నెట్‌లో దొరికే చాలా ఉదాహరణలు డబ్ల్యూఎంఐసీ కమాండ్‌ని షెల్ నుంచి పిలిచి నంబర్లు చదువుతాయి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఆ కమాండ్ డిఫాల్ట్‌గా ఉండటం లేదు, కొత్త ల్యాప్‌టాప్ కొన్న కస్టమర్ దగ్గర ఖాళీ వస్తుంది. డబ్ల్యూఎంఐ మాత్రం ఉంది, గెట్‌ఆబ్జెక్ట్‌తో విన్‌ఎంజీఎమ్‌టీఎస్‌ని నేరుగా అడగండి. కోడ్‌లో విండోస్ ఏపీఐ డిక్లరేషన్లు ఉంటే వాటిలో పీటీఆర్‌సేఫ్ అనే పదం తప్పనిసరి, ఇప్పుడు ఆఫీస్ డిఫాల్ట్‌గా 64 బిట్‌లోనే పడుతోంది.

కీ ఇచ్చే పద్ధతి: ఫైల్ ఒక రిక్వెస్ట్ కోడ్ చూపిస్తుంది, కస్టమర్ దాన్ని వాట్సాప్‌లో పంపుతాడు, మీ దగ్గర ఉన్న వేరే ఫైల్‌లో వేసి లైసెన్స్ తయారు చేసి పంపుతారు. కీ తయారుచేసే రహస్యపదం కస్టమర్ ఫైల్ లోపలే ఉంటే, వీబీఏ విప్పినవాడు కీలు తయారు చేసి పంచుతాడు. అందుకని డిజిటల్ సంతకం పద్ధతి వాడండి, సంతకం చేసే ప్రైవేట్ కీ మీ దగ్గర, సంతకం సరిచూసే పబ్లిక్ కీ ఫైల్‌లో. ఆర్‌ఎస్‌ఏ సంతకం ఫోన్‌లో చదివి చెప్పేంత చిన్నది కాదు కాబట్టి లైసెన్స్‌ని చిన్న టెక్స్ట్ ఫైల్‌గా పంపి, ఎక్సెల్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టమనండి. వీబీఏలోని సేవ్‌సెట్టింగ్‌తో రిజిస్ట్రీలో పెడితే అది ఒక్క విండోస్ యూజర్‌కే పనికొస్తుంది, అదే కంప్యూటర్‌లో ఇంకో లాగిన్‌తో తెరిస్తే మళ్లీ అడుగుతుంది.

ఆన్‌లైన్‌లో చెక్ చేయాలా అంటే, చేయొచ్చు. గూగుల్ షీట్‌లో లైసెన్సుల జాబితా పెట్టి యాప్స్ స్క్రిప్ట్‌ని వెబ్ యాప్‌గా పెడితే మీ స్థాయికి సర్వర్ ఖర్చు లేకుండా అయిపోతుంది, ఎవరి లైసెన్స్ ఎన్ని మెషీన్లలో నడుస్తోందో కూడా కనిపిస్తుంది. కానీ ప్రతిసారీ నెట్ ఉంటేనే తెరుచుకునేలా మాత్రం పెట్టకండి. షాపుల్లో నెట్ అంటే చాలావరకు ఓనర్ గారి ఫోన్ హాట్‌స్పాట్, ఆయన సైట్‌కి వెళితే నెట్ కూడా వెళ్లిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక మనకి కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు, జనరేటర్ వేసుకుని పని మొదలుపెట్టిన షాపుల్లో కూడా నెట్ రావడానికి ఇంకా టైమ్ పట్టింది. అప్పుడు రేకులకి, షెడ్లకి ఎస్టిమేట్లు అడిగేవాళ్లు క్యూ కట్టారు. అలాంటి రోజుల్లోనే ఫైల్ అవసరం ఎక్కువ. నెలకోసారి నెట్ దొరికినప్పుడు చూసుకుని, దొరక్కపోతే ఇంకో నెల ఊరుకుంటే చాలు.

మాక్రోల బ్లాకింగ్ మీకు కచ్చితంగా ఎదురవుతుంది. 2022 జులై నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లలో మాక్రోలని ఆఫీస్ డిఫాల్ట్‌గా ఆపేస్తోంది, పైన ఎర్ర పట్టీ వస్తుంది, 'ఎనేబుల్' బటన్ కూడా ఉండదు. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కింద 'అన్‌బ్లాక్' టిక్ పెట్టాలి. నెట్ నుంచి వచ్చిందని ఫైల్‌కి విండోస్ తగిలించే గుర్తు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కుల మామూలు ఫార్మాట్) డిస్క్‌లోనే నిలుస్తుంది, మామూలు ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఇస్తే ఈ గొడవ ఉండదు. 'మాక్రోలు ఆన్ చేయండి' షీట్ మీద ఈ స్టెప్స్ తెలుగులో, స్క్రీన్ ఫొటోలతో పెట్టండి, సగం ఫోన్ కాల్స్ తగ్గుతాయి. మొబైల్‌లో, బ్రౌజర్ ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో వీబీఏ నడవదు, యాపిల్ మ్యాక్‌లో డబ్ల్యూఎంఐ లేదు. అమ్మేముందే 'విండోస్, ఎక్సెల్ డెస్క్‌టాప్ మాత్రమే' అని చెప్పేయండి.

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌ని ఈఎక్స్‌ఈగా మార్చే ఎక్స్‌సెల్ కంపైలర్ లాంటి టూల్స్ ఉన్నాయి, లైసెన్స్ పని అవే చూసుకుంటాయి. యాంటీవైరస్ ఒక్కోసారి అనుమానిస్తుంది, అది తప్ప ఇబ్బంది లేదు. సీ షార్ప్ తెలిస్తే ఎక్సెల్-డీఎన్‌ఏ అనే టూల్‌తో మీ రేట్ల టేబుల్‌ని యాడ్ఇన్‌లోకి మార్చొచ్చు, వీబీఏ కన్నా విప్పడం కష్టం. మీ ఫైల్ ధరకి ఇప్పుడే అంత అవసరం లేదని నా అభిప్రాయం.

ఎందుకంటే మీ వ్యాపారంలో వీటన్నిటికన్నా బాగా పనిచేసేది ఒకటుంది: కొటేషన్ ప్రింట్ పైన వచ్చే షాపు పేరు, అడ్రస్, జీఎస్టీ నంబర్. అవి కస్టమర్ టైప్ చేసే సెల్స్‌లో ఉండకూడదు, సంతకం చేసిన లైసెన్స్ ఫైల్ లోపలి నుంచే రావాలి. ఒక్క అక్షరం మార్చినా సంతకం కుదరదు. అప్పుడు ఫైల్ ఎవరికి పోయినా కొటేషన్ మీద కొన్న షాపు పేరే పడుతుంది. పక్క షాపు పేరుతో ఉన్న కాగితాన్ని ఏ ఓనరూ స్టీల్‌ప్లాంట్ కాంట్రాక్టర్ దగ్గరికి పంపడు. కొన్న ఓనర్ కూడా తన పేరూ జీఎస్టీ నంబరూ ఉన్న ఫైల్‌ని బంధువుకి పంపేముందు ఆలోచిస్తాడు. ఇది పెట్టారంటే హార్డ్‌వేర్ లాక్ కొంచెం వదులుగా ఉన్నా మీకు నష్టం ఉండదు. నా లెక్కలో ముందు రాయాల్సిన కోడ్ ఇదే.

రెండోది, ధరలు. స్టీల్ రేటు నిలకడగా ఉండదు, లేబర్ రేటు కూడా ఏడాదికోసారి కదులుతుంది. ఫైల్‌ని ఒక్కసారి అమ్మేసి ఊరుకోకుండా, ఏడాది రేట్ల అప్‌డేట్లతో కలిపి అమ్మండి. ఒక్కో లైసెన్స్‌కి రెండు కంప్యూటర్లు ఇవ్వండి, షాపులో ఒకటి, ఓనర్ ఇంట్లో ల్యాప్‌టాప్ ఒకటి. ఒక్కటే ఇస్తే రెండోదాని కోసం వాళ్లే లాక్ విప్పేవాడిని వెతుక్కుంటారు. బిల్లు మీద ఎన్ని కంప్యూటర్లకో, ఎవరికీ ఇవ్వకూడదనో రెండు లైన్లు రాయండి. 1957 కాపీరైట్ చట్టం కింద మీ మాక్రో కోడ్‌కి రక్షణ ఉంది, దొంగ కాపీ అని తెలిసి వాడితే 63బీ సెక్షన్ ప్రకారం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. ఆటోనగర్‌లో ఎవరి మీదా కేసు పెట్టమని కాదు, రేపు పెద్ద కంపెనీ ఎవరైనా మీ ఫైల్ వాడితే అడగడానికి ఆ రెండు లైన్లు కాగితం మీద ఉండాలి.

ఇక మొదలుపెట్టేటప్పుడు లాక్ కోడ్‌తో మొదలుపెట్టకండి. బోర్డ్ సీరియల్, యూయూఐడీ, డిస్క్ సీరియల్, మెషీన్‌గైడ్, విండోస్ వెర్షన్, ఆఫీస్ 32 బిట్టా 64 బిట్టా, ఇవి మాత్రం ఒక షీట్ మీద చూపించే చిన్న ఫైల్ చేసి ఇప్పటికే కొన్నవాళ్లందరి దగ్గరా నడిపించండి, ఎందుకు అడుగుతున్నారో వాళ్లకి చెప్పే అడగండి. ఆ స్క్రీన్ ఫొటోలు చేతికొస్తే ఎంతమంది దగ్గర 'టు బీ ఫిల్డ్' బోర్డులున్నాయో, ఎవరి దగ్గర మాక్రోలే నడవడం లేదో తెలిసిపోతుంది. ఆ నంబర్లు ఇక్కడ పెట్టకండి, ఏ రకం విలువలు వస్తున్నాయో మాటల్లో చెప్పండి చాలు, మూడింటిలో ఏవి తీసుకోవాలో చూసి చెప్తాను.